పాకే పొర, బిగించిన మూత

మెట్రో స్తంభాల కోసం అమీర్‌పేట చౌరస్తాను తవ్వి పోసిన కాలమది. ఆ ఏడు తొలకరి పడ్డ వారంలో నాకు ఒక ఆర్డరు వచ్చింది. పంజాగుట్ట సందులో మా సంస్థకు ఒక అనుబంధ ప్రయోగశాల ఉండేది. అక్కడ జరిగిన ప్రమాదం మీద ముగ్గురితో విచారణ సంఘం వేసి, సాంకేతిక సభ్యురాలిగా నన్ను నియమించారు. అప్పటికి నేను క్రయోజెనిక్స్ విభాగం సూపరింటెండెంట్‌ని. హీలియం వాయువును ద్రవంగా మార్చే యంత్రం, ఆ ద్రవాన్ని మోసే డ్యూవార్లు, వాటిని నడిపే మనుషులు నా అజమాయిషీలో ఉండేవారు. డ్యూవార్ అంటే పెద్ద ఫ్లాస్కు. ఇంట్లో కాఫీ పోసుకునే ఫ్లాస్కుకూ దానికీ సూత్రం ఒకటే.

చనిపోయిన టెక్నీషియన్ నర్సింగ్ ఏళ్ళ తరబడి నా దగ్గర పనిచేసి, ఆ ప్రయోగశాలకు డిప్యుటేషన్ మీద వెళ్ళినవాడు. ఆ సంగతి చెప్పి, నన్ను సంఘం నుంచి తప్పించమని రాశాను. హీలియం గురించి తెలిసినది మీరొక్కరే కాబట్టి మీరే ఉండాలని జవాబు వచ్చింది. తెలిసినవాళ్ళు కావాలన్నారే గానీ, తెలిసింది చెబితే వింటామని అందులో రాయలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ ప్రయోగశాలలో చేసే పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. హీలియాన్ని బాగా చల్లబరిస్తే సుమారు నాలుగు కెల్విన్ దగ్గర ద్రవమవుతుంది. అంటే నీళ్ళు గడ్డకట్టే చలికి ఇంకా ఎంతో దిగువన. దాని మీది ఆవిరిని పంపుతో లాగేస్తూ ఇంకా చల్లబరిస్తే, రెండు కెల్విన్‌కు కాస్త పైన అది గుణం మార్చుకుంటుంది. జిగట అనేది పోతుంది. దీన్నే అతిద్రవం అంటారు. అప్పుడు అది పాత్రలో ఉన్నచోట ఉండదు. గోడ మీద పలచని పొరగా ఏర్పడి పైకి పాకుతుంది. పొర వంద అణువుల మందం ఉంటే గొప్ప. అంచు దాకా ఎక్కి, అవతలి వైపు దిగి, కింద బొట్లు బొట్లుగా రాలుతుంది. చిన్న గాజు గిన్నెను ద్రవంలో ముంచి పైకెత్తితే, కాసేపటికి గిన్నె దానంతటదే ఖాళీ అవుతుంది. నేను మొదటిసారి చూసిన రోజు అన్నం సయించలేదు. చూడ్డానికి వచ్చిన కాలేజీ పిల్లలకు నర్సింగ్ ఒక్క ముక్కలో చెప్పేవాడు. "గిది దొంగ. గోడ దుంకి పోతది."

పంజాగుట్టలో ప్రొఫెసర్ గారి బృందం కొలిచేది ఆ పొరనే. ఆయన పేరు రాయను, ప్రొఫెసర్ గారనే అంటాను. గడియారాల్లో ఉండేటటువంటి క్వార్ట్జ్ బిళ్ళను కంపింపజేసి, దాని మీద హీలియం పొరను పేరుస్తారు. పొర బరువుకు బిళ్ళ కంపనం మందగిస్తుంది. పొర అతిద్రవంగా మారగానే బిళ్ళను పట్టుకోవడం మానేస్తుంది, బరువు దించినట్టు కంపనం మళ్ళీ వేగం పుంజుకుంటుంది. ఆ చిన్న తేడాను ఎంత కచ్చితంగా కొలిస్తే అంత మంచి థీసిస్. అయేషా అనే అమ్మాయి ఆ పని మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆమెది ఆఖరి సంవత్సరం.

బిళ్ళ ఉన్న చిన్న అరను ఒక ఇత్తడి డబ్బాలో బిగించి, డబ్బాలోని గాలి అంతా లాగేసి, మొత్తాన్ని ద్రవ హీలియంలోకి దించుతారు. డబ్బా మూతకు, డబ్బాకు మధ్య ఇండియం అనే మెత్తని లోహపు తీగ వేసి నొక్కుతారు. అదే సీలు. డబ్బాలోంచి ఒక గొట్టం పైకి, గది వేడిమిలోకి వస్తుంది. దాని చివర వాక్యూమ్ కొలిచే గేజు, ఒక వాల్వు, ఇంకా రిలీఫ్ ప్లేటు ఉంటాయి. రిలీఫ్ ప్లేటు అంటే రబ్బరు రింగు మీద ఊరికే కూర్చున్న చిన్న పళ్ళెం. లోపల శూన్యం ఉన్నంతసేపు బయటి గాలే దాన్ని అదిమి పెడుతుంది. ఎప్పుడైనా లోపల వాయువు పెరిగితే, ఇడ్లీ కుక్కర్ మూత లేచినట్టు లేచి ఆవిరిని వదులుతుంది. దానికి బోల్టులుండవు, ఉండకూడదు.

ప్రమాదం జరిగిన తీరు ఇది. కొన్ని రోజుల పాటు సాగిన రన్ ముగిసింది. ప్రయోగానికి యంత్రాన్ని చల్లబరిచి కొలతలు తీసుకునే మొత్తం కాలాన్ని రన్ అంటాం. చల్లబరిచే రోజున గది నిండా మనుషులుంటారు. మొదటి కొలత వచ్చినప్పుడు మిఠాయి కూడా తెస్తారు. కొలతలు అయిపోగానే అందరూ వెళ్ళిపోతారు, యంత్రం దానంతటదే వేడెక్కుతుంది. ఆ వేడెక్కడాన్ని ఎవరూ పని కింద లెక్కపెట్టరు. ఉదయం నర్సింగ్ ఒక్కడే వచ్చాడు. డ్యూవార్‌లో ద్రవం అయిపోయింది. ఆవిరిని తిరిగి పట్టుకునే గొట్టం విప్పడానికి యంత్రం మీదికి వంగాడు. డబ్బా గొట్టం చివరి గేజు ఊడి వచ్చి అతని మెడ కింద తగిలింది. పక్క గదిలో ఉన్న అయేషా చప్పుడు విని పరుగెత్తింది. సోమాజిగూడ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మర్నాడు పోయాడు.

డబ్బాలో హీలియం వాయువు పెరిగి, దారి లేక, బలహీనమైన చోట తన్నుకుని బయటికి వచ్చిందని మొదటి రోజే తేలింది. తేలాల్సింది ఆ హీలియం లోపలికి ఎలా వచ్చిందన్నది.

ప్రొఫెసర్ గారి సమాధానం సిద్ధంగా ఉంది. డబ్బా త్వరగా వేడెక్కాలంటే టెక్నీషియన్లు కొద్దిగా హీలియం వాయువును లోపలికి వదులుతారు. లోపల వాయువుంటే బయటి వేడి తొందరగా చేరుతుంది. ఎంత వదలాలో కొలత కోసం రబ్బరు బెలూన్ వాడటం మా వాళ్ళ అలవాటు. అమీర్‌పేటలో పుట్టినరోజు సామాను అమ్మే దుకాణం నుంచి నర్సింగే తెచ్చేవాడు. ప్రమాదం జరిగిన గదిలో వాల్వు పక్కన ఒక బెలూన్ గాలి పోయి వేలాడుతూ కనిపించింది. అందుకని నర్సింగ్ ఇంటికి తొందరగా పోదామని వాయువు ఎక్కువ వదిలేసి ఉంటాడని ఆయన వాంగ్మూలం. సంఘం అధ్యక్షుడు పరిపాలన విభాగం పెద్దాయన. ఆయనకు ఆ మాట నచ్చింది. సులువుగా అర్థమయ్యే కారణం, పైగా కాదనడానికి మనిషి లేడు.

హీలియం రబ్బరులో ఒక్క రాత్రి కూడా నిలవదని, సంతలో కొన్న బెలూన్ తెల్లారేసరికి మంచం కింద పడి ఉండటం ప్రతి ఇంట్లోనూ చూసేదేనని నేను చెప్పాను. అది అతను వదల్లేదనడానికి రుజువు కాదు కదా అన్నారు. నిజమే, కాదు. ఒకటి కాకపోతే మూడు బెలూన్లు వదిలి ఉండవచ్చు కదా అన్నారు. 

ఆ వారమే నర్సింగ్ భార్య లక్ష్మి బోరబండ నుంచి మా ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తప్పు నర్సింగ్‌దేనని రాస్తే అతని బదులు తనకు రావాల్సిన ఉద్యోగం సంగతి కష్టమవుతుందని ఎవరో చెప్పారట. కానీ ఆమె దాని గురించి అడగలేదు.

"జల్ది ఇంటికి రావాలని గ్యాస్ ఎక్కువ ఇడ్సిండని అంటుండ్రంట గదా మేడం. మా ఆయన ఎన్నడన్న జల్ది ఇంటికొచ్చిండా? మీకెర్కే గదా," అంది. తర్వాత, "నౌకరీ ముచ్చట ఎనక చూద్దాం. నాయిన తన తప్పుతోని సచ్చిండని నా పిల్లలు సదువుకోవద్దు. గంతే," అంది.

చేతనైనంత చూస్తానని చెప్పాను. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది, అది ఎవరి మీదో అప్పటికి తెలియదు.

తర్వాత అయేషాను పిలిచి, రన్‌లో ఏదైనా మామూలు కానిది జరిగిందా అని అడిగాను. ఏమీ లేదంది. కాసేపాగి, ఉష్ణోగ్రత మాత్రం ఎప్పుడూ లేనంత నిలకడగా ఉందని చెప్పింది. మామూలుగా కాస్త అటూ ఇటూ ఊగుతుందట. ఈసారి రెండో రోజు నుంచి గీత గీసినట్టు ఉందట. "మస్తు ఖుష్ అయినం మేడం. నా మొత్తం డేటాల గదే బెస్ట్," అంది. ఆ మాట అంటూండగానే ఆమె ముఖం మారింది. నా ముఖం చూసి ఉంటుంది.

శూన్యంలో వేలాడే వస్తువు చుట్టూ ఉన్న ద్రవాన్ని అనుసరించదు. అందుకే ఊగుతుంది. గీత గీసినట్టు నిలిచిందంటే, డబ్బాలో శూన్యం లేదని అర్థం. రన్ నడుస్తుండగానే, ఎవరూ ఏ వాల్వూ ముట్టకుండానే, హీలియం లోపలికి చేరుతోంది. లోపలికి వచ్చిన వేడినీ చలినీ సమంగా పంచిపెట్టింది అదే.

మా వృత్తిలో దీన్ని సూపర్ లీక్ అంటారు. మామూలు లీకును పట్టడానికి యంత్రముంది. డబ్బా లోపలి గాలి లాగుతూ బయట హీలియం చల్లితే, ఒక్క అణువు లోపలికి వచ్చినా పసిగడుతుంది. సూపర్ లీక్ దానికి దొరకదు. సీలులో ఎక్కడో ఉన్న వెంట్రుకవాసి సందు మామూలు హీలియానికి చాలదు. జిగట పోయిన హీలియానికి మాత్రం అది రాజబాట. డబ్బా వేడెక్కగానే లోపలిది మళ్ళీ మామూలు హీలియం అవుతుంది. ఇక వచ్చిన సందులోంచి బయటికి పోవడం కుదరదు. లోపలే ఉబ్బుతుంది.

ఈ సంగతి చెబితే ప్రొఫెసర్ గారు ఒక ప్రశ్న వేశారు. ఆయన మూర్ఖుడు కాదు, మంచి ప్రశ్నే వేశారు. రన్ అంతా ద్రవం డబ్బా సగం దాకానే ఉంది. సీలు ఉన్నది డబ్బా పైన. తాకని సీలులోంచి ద్రవం ఎలా దూరుతుందండీ అన్నారు. ఆ పొర మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి అడిగిన ప్రశ్న అది! పాకి ఎక్కుతుంది సార్, మీ పొరే, అన్నాను.  ఆయన తన బిళ్ళ మీద పొరను కొలవడంలో పడి, అదే పొర డబ్బా బయట కూడా ఎక్కుతుందన్నది మరిచిపోయారు. తర్వాత ఆయనే, అయితే చేసి చూద్దాం అన్నారు. ఆ మాట ఆయన ఖాతాలో వేయాలి.

అదే డబ్బాను, అదే సీలును కదపకుండా పైన కొత్త గేజు అమర్చాం. లోపలి వైపు లీక్ డిటెక్టర్ తగిలించాం. అధ్యక్షుడు, ప్రొఫెసర్ గారు, మూడో సభ్యుడు వచ్చి కూర్చున్నారు. హీలియం నేనే పోశాను. అయేషా ప్రమాదం తర్వాత ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు, వచ్చి మీటర్ల ముందు నిలబడింది. బయట మెట్రో వాళ్ళ డ్రిల్లింగుకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

గది వేడిమిలో డిటెక్టర్ నిశ్శబ్దం. ద్రవ నైట్రోజన్ చలిలో నిశ్శబ్దం. డబ్బా నిండా మునిగేలా ద్రవ హీలియం పోసినా నిశ్శబ్దమే. అధ్యక్షుడు గడియారం చూసుకున్నారు. పంపు వేసి చల్లబరచసాగాం. చల్లబడే కొద్దీ ద్రవం ఆవిరై మట్టం పడిపోతుంది, సీలు ద్రవం పైకి తేలిపోయింది. మామూలు బుద్ధికి ఇక లీకయ్యే అవకాశం లేనట్టే. ఉష్ణోగ్రత హీలియం అతిద్రవంగా మారే గీత దాటింది. ద్రవం ఉడకడం ఒక్కసారిగా ఆగిపోయి అద్దంలా అయింది. ఇంకాసేపు ఏమీ లేదు. అప్పుడు డిటెక్టర్ కూయడం మొదలుపెట్టింది. మొదట సన్నగా, తర్వాత ఆపమని ఎవరైనా అడిగేంత గట్టిగా. ప్రొఫెసర్ గారు లేచి వచ్చి మీటరు చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు.

నర్సింగ్ వదలకుండానే హీలియం లోపలికి వచ్చిందని అక్కడ తేలిపోయింది. అధ్యక్షుడు లేచి నాకు అభినందనలు చెప్పారు. ఇంకా అవలేదు సార్, డిటెక్టర్ తీసేసి రాత్రంతా ఇలాగే ఉంచి, రేపు వేడెక్కేటప్పుడు చూడాలి, అసలు సంగతి అప్పుడుంది అన్నాను. తేలాల్సింది తేలింది కదమ్మా అన్నారు. మర్నాడు ఆయన రాలేదు. ప్రొఫెసర్ గారూ రాలేదు. మూడో సభ్యుడు ఫోను చేసి ట్రాఫిక్ ఎక్కువగా ఉందన్నారు.

కాబట్టి వేడెక్కడం చూసింది నేనూ అయేషా ఇద్దరమే. తలుపు అవతల నిలబడి అద్దంలోంచి చూశాం. రిలీఫ్ ప్లేటును ఈసారి ఉండాల్సినట్టే వదులుగా ఉంచాను. గేజు ముల్లు నెమ్మదిగా ఎక్కింది. ఒక దగ్గర పళ్ళెం 'టప్' మని లేచింది, 'స్' మంటూ వాయువు పోయింది, పళ్ళెం మళ్ళీ కూర్చుంది. ఇంకోసారి లేచింది, కూర్చుంది. అంతే. ఒక మనిషిని చంపిన సంగతి అంత చిన్న చప్పుడుతో అయిపోయింది. 

ప్రమాదం జరిగిన రోజున ఆ పళ్ళెం లేవలేదు, ఎందుకంటే దాన్ని క్లాంపు అనే ఇనుప పట్టీ వేసి బిగించారు. రబ్బరు రింగు పాతదై పగుళ్ళిచ్చింది. పంపు వేసిన మొదట్లో గాలి లాగేసుకునేది. కొత్త రింగు కోసం ఇండెంటు పెట్టారు. కొనుగోళ్ళ విభాగం నుంచి అది వచ్చేదాకా క్లాంపు వేసి నడిపించండని ప్రొఫెసర్ గారు చెప్పారు. ఇది నేను తవ్వి తీసిన రహస్యమేమీ కాదు. అడగ్గానే ఆయనే చెప్పారు. "నేనే చెప్పానండీ. రన్ మధ్యలో గాలి పోతే లోపల గడ్డకట్టి అంతా పాడవుతుంది కదా. అన్ని ల్యాబుల్లోనూ చేసేదే." రన్ మధ్యలో ఆయన మాట నిజం. వేడెక్కించే ముందు తీసేయాలి. తీయడం ఎవరి పని అన్నది ఎక్కడా రాసి లేదు. వేడెక్కడమే ఎవరి పనీ కానప్పుడు, దానికి ముందు తీయాల్సిన క్లాంపు ఎవరి పని అవుతుంది?

నివేదిక ముసాయిదా వచ్చింది. నర్సింగ్ నిర్లక్ష్యం లేదని స్పష్టంగా రాశారు. ఆ తర్వాతి వాక్యంలో, హీలియం పొరకున్న అసాధారణ ధర్మం వల్ల ఎవరూ ఊహించలేని ప్రమాదం జరిగిందని రాశారు. క్లాంపు గురించి, వాడుకలో ఉన్న పద్ధతి అని ఒక ముక్క. నేను రుజువు చేసిన సూపర్ లీక్‌ను దుప్పటిలా నర్సింగ్ మీద కప్పి, మిగిలిన కొసను అందరి మీదా కప్పారు. నాకు ఒళ్ళు మండింది. లీకు ఊహించలేనిదే కావచ్చు, అసలు ఊహించలేని లీకుల కోసమే ఆ పళ్ళెం ఉన్నదని వాదించాను. అధ్యక్షుడు శాంతంగా విన్నారు. ఒక మంచివాడి పేరు నిలబెట్టారు, ఇంకొక మంచివాడి పేరు చెడగొట్టడమెందుకమ్మా అన్నారు. నేను సంతకం పెట్టకుండా విడిగా అసమ్మతి రాసిచ్చాను. దాన్ని నివేదిక వెనకాల కుట్టారు. దాని మీద చర్య తీసుకున్నట్టు నేను పదవీ విరమణ చేసేనాటి వరకు వినలేదు.

కొత్త రింగు కొన్నాళ్ళకు వచ్చింది. అంతకు ముందే ఆ ల్యాబులో ఉన్న క్లాంపులన్నీ విప్పించి మెకానికల్ వర్క్‌షాప్‌కు పంపేశాను. అక్కడ ఇప్పటికీ ఏదో పనికి వాడుతుంటారు. మంచి క్లాంపులే.

లక్ష్మికి సంస్థలో ఉద్యోగం ఇచ్చారు. చేరిన రోజున నా గదికి వచ్చి, ఈసారి కూర్చుంది.

"ఆయన తప్పు లేదన్నరు, సంతోషం. సార్ తప్పు సుత లేదన్నరంట. గ్యాస్‌ది గుణమే గంతంట. ఎవల తప్పు లేకుండ మనిషెట్ల సచ్చిండు మేడం?"

చనిపోయినవాడి భార్యకు సంగతి దాచే హక్కు నాకు లేదనిపించింది. పళ్ళెం గురించీ, దాన్ని బిగించిన క్లాంపు గురించీ చెప్పాను. శ్రద్ధగా విన్నది. దాన్ని విప్పాలంటే మిషన్ కావాల్నా అని అడిగింది. అక్కర్లేదు, చేత్తో తిప్పితే వచ్చేస్తుందన్నాను.

"చేత్తోనేనా?"

"చేత్తోనే."

ఆమె తన కుడిచేతిని ఒకసారి చూసుకుంది.  లేచి పనిలోకి వెళ్ళింది.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. ప్రకృతి ఎక్కడి నుంచి లోపలికి వస్తుందో ముందుగా తెలియకపోవచ్చు, ఆ లీకుకు బాధ్యులు లేకపోవచ్చు. బయటికి పోయే దారి మూసి ఉంటే మాత్రం, దాన్ని మూసింది ఎప్పుడూ ఒక చేయే. ఆ తర్వాత ఏ ప్రయోగశాలకు వెళ్ళినా, కొలతలు చూపిస్తామని వాళ్ళు పిలుస్తుంటే, నేను ముందు పళ్ళెం దగ్గరికి వెళ్ళి వేలితో కదిపి చూసేదాన్ని. కదలని చోట్లు చాలానే కనిపించాయి.